లక్నో రెసిడెన్సీ ముట్టడి: విడిపించడానికి వచ్చినవాళ్లే లోపల ఇరుక్కుపోయారు

1857 సిపాయిల తిరుగుబాటు గురించి ఇంగ్లీషువాళ్లు చెప్పుకున్న కథల్లో లక్నోకి దక్కిన చోటు ఇంకే ఊరికీ దక్కలేదు. ఢిల్లీని మళ్లీ పట్టుకోవడం రాజకీయంగా పెద్ద విషయమే, కాన్పూరు పగ తీర్చుకోవడానికి సాకు అయింది, కానీ ఛాతీ విరుచుకుని తరతరాలు చెప్పుకున్నది మాత్రం లక్నో గురించే. చుట్టూ వేలమంది తిరుగుబాటు సైనికులు, మధ్యలో రెసిడెన్సీ, అంటే ఇంగ్లీషు ప్రతినిధి (రెసిడెంటు) ఉండే ఆవరణలోని కొన్ని బంగళాలు, వాటిలో ఆడవాళ్లు, పిల్లలతో కలిపి మూడు వేల ప్రాణాలు, 87 రోజుల తర్వాత స్కాట్లండ్ సైనికులు వచ్చి కాపాడటం. దీనికి తోడు జెస్సీ అనే స్కాచ్ పిల్లకి అందరికంటే ముందు దూరం నుంచి తమ దేశపు బాజాల చప్పుడు వినిపించిందనే కథ ఒకటి పుట్టించి, పేపర్లలో వేసి, నాటకాలు కూడా ఆడేశారు. అలాంటి సంగతి జరిగినట్టు లోపల ఉన్నవాళ్లెవరూ రాయలేదు.

కథ పక్కన పెట్టి తేదీలు, లెక్కలు చూస్తే వ్యవహారం ఇంకోలా కనిపిస్తుంది. సెప్టెంబరులో వచ్చిన సైన్యం లోపలి వాళ్లలో ఒక్క కుటుంబాన్ని కూడా బయటికి తీసుకురాలేకపోయింది, పైగా తనే లోపల చిక్కుకుపోయింది. నవంబరులో వచ్చిన రెండో సైన్యం జనాన్ని బయటికి తెచ్చింది గానీ ఊరిని శత్రువుకి వదిలేసి రాత్రికి రాత్రి జారుకుంది. లక్నో మళ్లీ ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది 1858 మార్చిలో. ఇక మొదటి సైన్యం అంత నష్టానికి ఓర్చి అంత హడావుడిగా ఎందుకు దూసుకొచ్చిందంటే, లోపల తిండి అయిపోవస్తోందని కబురు వచ్చింది కాబట్టి. ఆ కబురు తప్పు. ధాన్యం లెక్క సరిగా వేసుకోకపోవడం వల్ల ఒక పెద్ద సైనిక నిర్ణయం జరిగిపోయింది. వీరగాథల్లో ఇది ఫుట్‌నోట్‌గా మిగిలిపోయింది కానీ మొత్తం వ్యవహారానికి కీలకం ఇదే.

ముందు సంగతి కాస్త చెప్పుకోవాలి. 1856 ఫిబ్రవరిలో గవర్నర్ జనరల్ డల్హౌసీ, లక్నో రాజధానిగా ఉన్న అవధ్ రాజ్యాన్ని కలిపేసుకున్నాడు. యుద్ధం లేదు, రాజు ఎదురుతిరిగిందీ లేదు, పరిపాలన బాగాలేదన్న వంక ఒక్కటే. వాజిద్ అలీ షాని కలకత్తా పంపేశారు. దర్బారు మీద, నవాబు సైన్యం మీద బతికే వేలమంది వీధిన పడ్డారు. ఆ తర్వాత వచ్చిన భూమి శిస్తు బందోబస్తులో తాలూక్‌దార్ల, అంటే పెద్ద భూస్వాముల చేతిలోంచి చాలా ఊళ్లు పోయాయి, వాళ్ల మట్టికోటలు కూలగొట్టమన్నారు. వీటన్నిటికీ మించి, కంపెనీ బెంగాల్ సైన్యంలో సిపాయిలుగా ఉన్నవాళ్లలో పెద్ద వాటా అవధ్ పల్లెల నుంచి వచ్చినవాళ్లే. అంటే అవధ్‌లో ఏ ఇంట్లో ఏడుపు వినిపించినా అది బారక్స్‌లో కూడా వినిపిస్తుంది. తూటాల కొవ్వు ఒక్కటే కారణమని బళ్లో చదువుకున్న పాఠం ఇక్కడ అసలు సరిపోదు.

1857 మార్చిలో చీఫ్ కమిషనర్‌గా వచ్చిన హెన్రీ లారెన్స్‌కి ఇదంతా అర్థమైంది. ఆయన గురించి ఎంత చెడుగా అనుకున్నా ఒకటి ఒప్పుకోవాలి, గొడవ మొదలవకముందే సిద్ధపడిన ఇంగ్లీషు అధికారులు ఆ ఏడాది వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే, వాళ్లలో ఈయన ఒకడు. గోధుమలు, పశువుల మేత, మందుగుండు, ఖజానా సొమ్ము అన్నీ గోమతి ఒడ్డున ఉన్న రెసిడెన్సీ ఆవరణలోకి చేరవేయించాడు. చర్చిని కూడా ధాన్యపు కొట్టు చేసేశారు. రెసిడెన్సీ భవనం అడుగున చల్లదనం కోసం కట్టుకున్న స్నానాల తొట్టి ఉండేది, దాన్నీ ధాన్యంతో నింపేశారు. ఈ తొట్టిని గుర్తుపెట్టుకోవాలి. పెన్షన్ తీసుకుంటున్న పాత సిపాయిలకి కబురు పెట్టి రప్పించాడు, సిక్కుల్ని ఏరి విడిగా పెట్టాడు. చుట్టూ ఉన్న ఇళ్లు పడగొట్టించాడు గానీ మసీదుల జోలికి వెళ్లొద్దన్నాడు. తర్వాత ఆ మసీదుల మీంచి, సగం పడగొట్టి వదిలేసిన గోడల చాటు నుంచి వచ్చిన గుళ్లే లోపలివాళ్లని ఎక్కువ ఇబ్బంది పెట్టాయి.

మే 30 రాత్రి లక్నో కంటోన్మెంటులో సిపాయిలు తిరగబడ్డారు. అసలు దెబ్బ మాత్రం నెల తర్వాత పడింది. జూన్ 30న, తిరుగుబాటు దండు ఒకటి దగ్గర్లోకి వచ్చిందని విని, లారెన్స్ ఏడు వందల లోపు మందిని వేసుకుని చిన్‌హట్ దాకా ఎదురెళ్లాడు. మండుటెండ, సైనికుల కడుపులో తిండి లేదు, అవతల ఎంతమంది ఉన్నారో తెలీదు. బర్కత్ అహ్మద్ నాయకత్వంలో ఉన్న తిరుగుబాటుదారులు ఊరి గోడలు, మామిడితోపులు అడ్డం పెట్టుకుని ఇంగ్లీషువాళ్లని మట్టికరిపించారు. ఇంగ్లీషువాళ్ల వెంట ఉన్న దేశీ ఫిరంగి దళం వాళ్లలో కొందరు తుపాకుల బండ్లు తిరగేసి అటు వెళ్లిపోయారు. ఏనుగుతో లాగించుకెళ్లిన పెద్ద హోవిట్జర్ ఫిరంగి పోయింది. సాయంత్రానికి ముట్టడి మొదలైపోయింది, అదీ ఇంకా ఎవరెవరు ఏ గోడ దగ్గర నిలబడాలో కూడా సరిగా తేల్చుకోకముందే. రెండో స్థావరంగా అట్టేపెట్టుకున్న మచ్ఛీ భవన్ కోటని నిలబెట్టుకునేంత మంది లేక, జులై 1 అర్ధరాత్రి అక్కడి దళాన్ని రెసిడెన్సీలోకి తెచ్చేసుకుని, కోటని దాని మందుగుండుతో సహా పేల్చేశారు.

అదే రోజు లారెన్స్ గదిలో ఒక గుండు పడి పేలింది, ఎవరికీ ఏమీ కాలేదు. గది మారమని అందరూ చెప్పారు. మళ్లీ అదే చోట కొట్టగలిగే ఫిరంగివాడు అవతల లేడులే అని ఆయన నవ్వేశాడట. మర్నాడు రెండో గుండు అదే గదిలో పడింది, ఆయన తొడ నుజ్జయింది, జులై 4న పోయాడు. చిన్‌హట్‌లో వదిలేసి వచ్చిన హోవిట్జర్ నుంచే ఆ గుండు వచ్చిందని చెబుతారు. తర్వాత కమిషనర్ బాధ్యత తీసుకున్న మేజర్ బ్యాంక్స్ కూడా జులై 21న తలకి గుండు తగిలి చనిపోయాడు. సైన్యం బాధ్యత బ్రిగేడియర్ జాన్ ఇంగ్లిస్ మీద పడింది.

ఇప్పుడు లోపల ఎవరున్నారో చూద్దాం, ఎందుకంటే "ఇంగ్లీషు దళం" అనే మాటలో సగం నిజమే ఉంది. పోరాడగలిగినవాళ్లు సుమారు 1,720 మంది. అందులో తెల్ల అధికారులు, సైనికులు 855, తుపాకీ పట్టిన గుమాస్తాలు, వ్యాపారులు లాంటి పౌరులు 153, భారతీయ సిపాయిలు 712. అంటే పదిమందిలో నలుగురు ఇక్కడివాళ్లే. పోరాడలేనివాళ్లు ఇంకో 1,280 మంది, వాళ్లలోనూ నౌకర్లు, వంటవాళ్లు, ఆయాలు చాలామంది. లా మార్టినియర్ స్కూలు పిల్లల్ని కూడా ఒక మూల కాపలాకి, సిగ్నళ్లకి, జబ్బుపడ్డవాళ్లకి విసనకర్ర విసరడానికి, తిరగలి తిప్పడానికి వాడుకున్నారు. గోడ అవతల సిపాయిలు లోపలి సిపాయిల్ని ఊరి పేర్లు పెట్టి పిలిచి, ఇంకా ఎంతకాలం అక్కడ చస్తారు, బయటికి వచ్చేయండి అని రాత్రుళ్లు కేకలు వేసేవాళ్లు. కొందరు వెళ్లారు. ఎక్కువమంది వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదన్నదానికి ఒకే జవాబు లేదు, ఉప్పు తిన్న విశ్వాసం అని ఇంగ్లీషువాళ్లు రాసుకున్నారు, పెన్షను, తాను నమ్మిన ఆఫీసరు, అవతలివాళ్లు గెలుస్తారన్న నమ్మకం లేకపోవడం, ఇవన్నీ కలిసే ఉంటాయి. కానీ ఒకటి ఖాయం, రెసిడెన్సీకి ముఖ్యమైన బెయిలీ గార్డ్ ద్వారం దగ్గర లెఫ్టినెంట్ ఐట్‌కెన్ కింద ఉన్న 13వ పటాలం సిపాయిలు ఆ గేటు వదిలేసి ఉంటే ముట్టడి ఆ వారంలోనే ముగిసేది.

బయట ఉన్నవాళ్లకి ఒక రాజ్యం ఉంది. జులై 5న వాజిద్ అలీ షా కొడుకు బిర్జిస్ ఖద్ర్‌ని, పన్నెండేళ్లు కూడా సరిగా నిండని పిల్లాణ్ని, గద్దె మీద కూర్చోబెట్టారు. వెనక నడిపించింది తల్లి బేగం హజ్రత్ మహల్. సిపాయిల తరఫున దర్బారుతో మాట్లాడేది రాజా జై లాల్ సింగ్. వీళ్లకి పోటీగా మౌల్వీ అహ్మదుల్లా షా, చిన్‌హట్‌లో పోరాడినవాడు, ఊళ్లో ఆయన మాటకి విపరీతమైన పలుకుబడి. బేగం దర్బారుకీ మౌల్వీకీ పడేది కాదు, తర్వాత తర్వాత వాళ్ల మనుషులు ఒకళ్లనొకళ్లు కాల్చుకునేదాకా వెళ్లింది. జీతాల గొడవలు సరేసరి. తాలూక్‌దార్లు తమ మనుషుల్ని పంపారు గానీ వాళ్లు పాతకాలపు ఒత్తి తుపాకులతో వచ్చిన పల్లెజనం, పొలం పనుల రోజులొస్తే మనసు ఊరి మీదికి పోతుంది. ఇదంతా చూసి "వాళ్లకి నాయకత్వం లేదు" అని ఒక్క మాటలో తేల్చేయడం తేలిక. కానీ నాలుగు నెలలపాటు పన్నులు వసూలు చేసి, జీతాలు ఇచ్చి, ఫిరంగులకి గుళ్లు పోతపోయించి, ఒక పెద్ద నగరాన్ని నడిపిన ప్రభుత్వాన్ని అల్లరిమూక అనడం కుదరదు. వాళ్లకి లోటు ఉన్నది కోటగోడలు కూల్చగల ముట్టడి ఇంజనీర్ల విషయంలో. గోడకి యాభై గజాల దూరంలో ఫిరంగి పెట్టగలిగేంత ధైర్యం ఉంది. దాన్ని ఏ మూల మీద ఎన్ని రోజులు ఏకధాటిగా ఎక్కుపెట్టాలో చెప్పి ఒప్పించగల ఒక్క తల లేదు.

ఆ లోటుని వాళ్లు భూమి అడుగు నుంచి పూడ్చుకోవాలని చూశారు. సొరంగాలు తవ్వడంలో చెయ్యి తిరిగిన పాసీ కులస్తుల్ని దింపారు. గోడ కిందిదాకా సొరంగం తవ్వడం, చివర మందు కూరి పేల్చడం, గోడ పడిన చోట నుంచి లోపలికి తోసుకురావడం. జులై 20న మొదటిది పేల్చారు, కొలత తప్పి గోడకి దూరంగా పేలింది, పొగలోంచి గోడ చెక్కుచెదరకుండా కనిపించేసరికి దాడి తడబడింది. ఆగస్టు 10న, 18న మళ్లీ, సెప్టెంబరు 5న మళ్లీ. ఆగస్టు 18న నిజంగానే గోడ పడి దారి తెరుచుకుంది గానీ లోపలికి తోసుకొచ్చినవాళ్లు చాలినంతమంది లేరు. లోపల ఇంజనీరు కెప్టెన్ ఫుల్టన్, ఆయనకి అదృష్టం కొద్దీ 32వ పటాలంలో ఇంగ్లండు కార్న్‌వాల్ గనుల్లో పనిచేసి వచ్చిన సైనికులు దొరికారు. వీళ్ల పద్ధతి సింపుల్. నేలకి చెవి ఆనించి గునపం చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తోందో వినడం, ఎదురుగా తామూ ఒక సొరంగం తవ్వడం, అవతలివాడి సొరంగంలోకి కన్నం పెట్టడం. ఫుల్టన్ అలాంటి సొరంగం చివర చీకట్లో పిస్తోలు పట్టుకుని గంటలకొద్దీ కూర్చునేవాడట, అవతలి తవ్వకందారు మట్టి తొలుచుకుని ముఖం బయటపెట్టేదాకా. సెప్టెంబరు 14న ఆయన తలని ఫిరంగి గుండు ఎగరగొట్టింది. తర్వాతి రెండు నెలల్లో లోపలివాళ్లు తవ్విన సొరంగాల మొత్తం పొడవు 3,291 అడుగులని తర్వాత వచ్చిన జనరల్ ఔట్రమ్ రిపోర్టులో ఉంది. కిలోమీటరు అన్నమాట, పాదుషాల బాగోతాలన్నిటికీ సాక్ష్యంగా నిలిచిన ఊరి నేల కింద.

పైన బతుకు ఇంకో రకం నరకం. వర్షాకాలం, చచ్చిన ఎద్దులు, గుర్రాలు ఎక్కడివక్కడ కుళ్లిపోయి కంపు, పాతిపెట్టడానికి వెళ్లినవాడికి గుండు తగిలే భయం. ఈగలు ఎంతలా అంటే అన్నం ముద్ద నోటిదాకా వెళ్లేలోపు నల్లగా అయిపోయేదని రాసుకున్నారు. కలరా, మశూచి, విరేచనాలు, కూరగాయలు లేక చిగుళ్లు వాచే స్కర్వీ. పసిపిల్లలు వరసగా పోయారు. నౌకర్లు చాలామంది మొదటి రోజుల్లోనే పారిపోవడంతో, జీవితంలో పొయ్యి ముట్టించని మేమ్‌సాహెబులు చపాతీలు కాల్చడం నేర్చుకున్నారు. పొగాకు అయిపోయి ఆఫీసర్లు ఎండిన టీ ఆకు చుట్టి కాల్చారు. మాంసం కోసం ఫిరంగులు లాగే ఎద్దుల్ని కోశారు. జోహన్నెస్ ఇల్లు అనే పక్క మేడ మీంచి నవాబు కొలువులో పనిచేసిన ఒక ఆఫ్రికన్ గురిగాడు ఒక్కొక్కరినే కాలుస్తుంటే, అతనికి తెల్లవాళ్లు ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. ఆ ఇంటి కిందికి సొరంగం తవ్వి ఆగస్టు 21న ఇల్లంతా పేల్చేస్తే గానీ అటువైపు నుంచి ఊపిరి ఆడలేదు.

ఇక ధాన్యం లెక్క. సరుకుల శాఖ అధికారి లెఫ్టినెంట్ జేమ్స్ చిన్‌హట్‌లో మోకాలికి గుండు తగిలి మంచాన పడ్డాడు. ఎక్కడ ఎంత పోసిందీ మొత్తంగా తెలిసిన లారెన్స్ చనిపోయాడు. అంత హడావుడిలో చర్చిలో ఎంత పోశారు, ఎవరి బంగళాలో ఎంత ఉంది, స్నానాల తొట్టి ఎంత లోతు అని కొలిచి చూసినవాళ్లు లేరు. ఆర్థిక కమిషనర్ గబ్బిన్స్ మాత్రం ఇంకా చాలా ఉండాలి అనేవాడు, కానీ ఆయనకీ ఇంగ్లిస్‌కీ ఉప్పూ నిప్పూ. ఆగస్టు 16న ఇంగ్లిస్, వాళ్లని విడిపించడానికి బయట ప్రయత్నిస్తున్న జనరల్ హావ్‌లాక్‌కి ఉత్తరం రాశాడు: 120 మంది రోగులు, గాయపడ్డవాళ్లు, 220 మంది ఆడవాళ్లు, 230 మంది పిల్లలు ఉన్నారు, బండ్లు లేవు, 23 లక్షల ఖజానా, 30 దాకా ఫిరంగులు వదిలి రాలేం, రేషను సగానికి కోస్తే సెప్టెంబరు 10 దాకా తిండి సరిపోతుంది.

ఈ ఉత్తరాలు మోసిన మనిషి అంగద్ తివారీ, పెన్షన్ తీసుకునే సిపాయి. కాగితం మీద గ్రీకు అక్షరాలతో ఇంగ్లీషు రాసి, ఈక కాడలో దూర్చి ఇచ్చేవాళ్లు, దొరికితే ప్రాణం పోవడం ఖాయం. జులై 25న అతను ఐదారు రోజుల్లో సైన్యం వచ్చేస్తోందన్న ఉత్తరం తెచ్చాడు. లోపల జనం రాత్రుళ్లు ఆకాశం వంక చూస్తూ రాకెట్ల వెలుగు కోసం ఎదురుచూశారు. ఎవరూ రాలేదు. హావ్‌లాక్ గంగ దాటి ఉన్నావ్, బషీరత్‌గంజ్ దగ్గర గెలిచాడు గానీ కలరా, గాయాలు కలిసి ఉన్న కొద్దిమందినీ తినేస్తుంటే వెనక్కి వెళ్లిపోయాడు. దారిలో పల్లె పల్లె ఎదురుతిరుగుతోంది, అది సిపాయిల గొడవ దాటి జనం గొడవ అయిందని ఆయనకి అప్పుడు బాగా తెలిసొచ్చింది. రాజీకి మాత్రం దిగొద్దు, అవసరమైతే కత్తి చేతపట్టుకునే చావండి అని లోపలికి కబురు పంపాడు. కాన్పూరులో లొంగిపోయినవాళ్లని చంపేసిన సంగతి అప్పటికే అందరికీ తెలుసు.

సెప్టెంబరు మధ్యలో ఔట్రమ్ కొత్త సైన్యంతో కాన్పూరు చేరాడు. హోదాలో పెద్దవాడైనా, ఇన్నాళ్లూ పోరాడింది హావ్‌లాక్ కాబట్టి దారి పొడవునా ఆయనే నడపాలని తాను వలంటీరుగా గుర్రమెక్కాడు. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని మహా ఔదార్యంగా రాస్తాయి. నిజానికి ఒకే సైన్యానికి ఇద్దరు యజమానులు తయారయ్యారు, దారి ఎటు అన్న విషయంలో చివరి రోజు కూడా ఇద్దరికీ మాట కలవలేదు. మూడు వేల పైచిలుకు మంది సెప్టెంబరు 23న ఊరి బయట ఉన్న ఆలంబాగ్ తోట పట్టుకున్నారు. 25న, సామాన్లు, రోగుల్ని అక్కడే వదిలి, ఊళ్లోకి దూకారు. తిండి అయిపోయిందన్న టెన్షన్ లేకపోతే ఇంకో రోజు ఆగి, వెనక వస్తున్న ఫిరంగుల్ని, గాయపడ్డవాళ్ల డోలీల్ని కలుపుకుని, చీకటి పడకముందే పని చూసుకునేవాళ్లు. ఆగలేదు. ఇరుకు సందుల్లో రెండు పక్కల మేడల మీంచి కాల్పుల మధ్య పరిగెత్తారు. మర్నాటి సాయంత్రానికి చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు, జాడ తెలియనివాళ్లు 535 మంది.

వాళ్లలో ఒకడు జేమ్స్ నీల్, ఒక తోరణం దగ్గర తలకి గుండు తగిలి పోయాడు. ఈయన మద్రాసు ఫ్యూజిలియర్స్ అనే తెల్లవాళ్ల పటాలానికి అధికారి, అలహాబాదు, కాన్పూరుల్లో దొరికినవాళ్లని దొరికినట్టు ఉరితీయించినవాడు. అలాంటివాడికి మద్రాసు మౌంట్ రోడ్డులో నిలువెత్తు విగ్రహం పెట్టారు. అప్పటి మన జిల్లాలు కూడా ఆ ప్రెసిడెన్సీలోనే ఉండేవి. దాన్ని తీసేయమని 1927లో సత్యాగ్రహం జరిగింది, తీసింది మాత్రం 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాకే.

బెయిలీ గార్డ్ గేటు వెనక మట్టి పోసి మూసేసి ఉండటంతో జనరల్స్ ఇద్దరూ పక్కన ఫిరంగి కన్నంలోంచి లోపల దూరారు. ఆ సంబరంలోనే ఓ ఘోరం జరిగింది. ఇన్నాళ్లూ ఆ గేటు కాపాడిన ఐట్‌కెన్ సిపాయిల్ని చూసి, శత్రువులే అనుకుని స్కాట్లండ్ సైనికులు బాయినెట్లతో పొడిచేశారు. ముగ్గురు పోయారు. వాళ్లని కాపాడటానికి వచ్చినవాళ్ల చేతుల్లోనే, వచ్చిన నిమిషంలోనే.

మర్నాడు అసలు సంగతి బయటపడింది. బయటికి తీసుకెళ్లడానికి బండ్లు లేవు, మనుషులు చాలరు, వచ్చిన దారి మళ్లీ మూసుకుపోయింది. అప్పుడు నిలవలు వెతికి చూస్తే, ఇంకో రెండు వేలకి పైగా నోళ్లు వచ్చి చేరినా సరే, రెండు నెలలు సర్దుకోవచ్చని తేలింది. తొట్టి నిండా ధాన్యం ఉంది! సెప్టెంబరు 10న అయిపోవాల్సిన తిండి నవంబరు 22 దాకా వచ్చింది. ఔట్రమ్‌కి ఇక ఉండిపోవడం తప్ప చేసేదేం లేకపోయింది. ఆవరణ కాస్త పెద్దదైంది, నదివైపు రాజభవనాలు కొన్ని కలిశాయి, ముట్టడి మాత్రం అలాగే సాగింది. ఈలోగా ఢిల్లీ పడిపోయి, అక్కడి సిపాయిలు లక్నో వైపు వచ్చి చేరుతున్నారు, అంటే బయట బలం పెరుగుతోంది.

ఇక్కడ హైదరాబాదు గుర్తొస్తుంది. లక్నోలో ముట్టడి మొదలైన రెండు వారాలకి, 1857 జులై 17 శుక్రవారం, తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో దాదాపు ఐదొందల మంది రొహిల్లాలు కోఠిలోని రెసిడెన్సీ మీదికి వెళ్లారు. తెల్లారేసరికి అంతా అయిపోయింది. తేడా ధైర్యంలో లేదు. ఇక్కడ నిజాం గద్దె మీద ఉన్నాడు, దివాన్ సాలార్‌జంగ్ ముందే రెసిడెంటుకి కబురు పెట్టాడు, రెసిడెన్సీ ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. అవధ్‌లో రాజుని పంపేసిన ఇంగ్లీషువాళ్లు జనానికీ తమకీ మధ్య నిలబడే మనిషిని తమ చేతులతోనే లేకుండా చేసుకున్నారు. తుర్రేబాజ్ ఖాన్‌ని తర్వాత తూప్రాన్ దగ్గర కాల్చి చంపారు, అలావుద్దీన్‌ని అండమాన్ పంపారు.

రెండోసారి వచ్చిన కోలిన్ క్యాంప్‌బెల్ ఆచితూచి అడుగేసే ముసలి జనరల్. నవంబరు 9 రాత్రి హెన్రీ కవానా అనే గుమాస్తా మొహానికి దీపపు మసి, నూనె పట్టించుకుని, దేశీ వేషంలో, కనౌజీ లాల్ అనే వేగుతో కలిసి గోమతి దాటి వెళ్లి ఔట్రమ్ ప్లాను ఆయనకి అందించాడు. ఆ ప్లాను సారం ఒకటే, ఊరి సందుల్లోకి వెళ్లొద్దు, తూర్పు పక్కగా తోటల మీంచి రా. కవానాకి ఒక్క చూపులో తెల్లవాడని తెలిసిపోయే ఎర్రజుట్టు, నీలి కళ్లు. మధ్యలో ఆపినవాళ్లకి జవాబులు చెప్పి గట్టెక్కించింది కనౌజీ లాల్. ఇంగ్లీషువాళ్ల అన్నిటికంటే పెద్ద సాహస పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది కవానాకి. అదే లెక్కన ఐట్‌కెన్‌కీ వచ్చింది, ఆయన సిపాయిలకి రాలేదు. ఆ పతకం భారతీయులకి ఇవ్వొచ్చని నిబంధన మార్చింది 1911లో.

నవంబరు 16న సికందర్ బాగ్. నాలుగు వైపులా ఎత్తైన ప్రహరీ ఉన్న తోట, లోపల రెండు వేలమంది దాకా సిపాయిలు, ఫిరంగులతో గోడకి చిన్న కన్నం పెట్టి ఇంగ్లీషు సైన్యం దూరింది. దారి ఒకటే, అందులోంచి వాళ్లొస్తున్నారు. ఒక్కరినీ వదల్లేదు. రావిచెట్టు మీంచి కాల్చిన ఆడమనిషి ఉదాదేవి అనీ, పాసీ కులస్తురాలనీ లక్నోలో చెప్పుకుంటారు, ఆమె విగ్రహం ఇప్పుడు అక్కడుంది. ఆ ఒక్క రోజు పోరాటానికి 24 విక్టోరియా క్రాసులు ఇచ్చారు, ఒక్క రోజులో అన్ని ఇవ్వడం ఇంకెప్పుడూ జరగలేదు. కొన్ని నెలల తర్వాత ఫెలిస్ బియాటో తీసిన ఫోటోలో ఆ తోట ముందు ఎముకలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి.

క్యాంప్‌బెల్‌కి ఊరు పట్టుకునే ఉద్దేశం లేదు. కాన్పూరు మీదికి తిరుగుబాటు నాయకుడు తాంతియా తోపే వస్తున్నాడు, అది పోతే వెనక్కి దారే ఉండదు. ఇంత కష్టపడి వచ్చి వదిలేసి వెళ్లడమా అని ఔట్రమ్, హావ్‌లాక్ ఎంత చెప్పినా వినలేదు. నవంబరు 19న ఆడవాళ్లు, పిల్లలు బండ్ల మీద, డోలీల మీద, కొందరు కాలినడకన, తుపాకులకి కనిపించే చోట్ల కట్టిన గుడ్డ తెరల చాటున బయటపడ్డారు. 23 లక్షల ఖజానా, నవాబు నగలు కూడా. 22 అర్ధరాత్రి సైన్యం చప్పుడు లేకుండా జారుకుంది, అనుమానం రాకుండా లోపల దీపాలు వెలుగుతూ ఉంచారు. కెప్టెన్ వాటర్‌మన్ అనే ఆయన నిద్రపోయి ఉండిపోయాడు. లేచి చూస్తే మూడు వేలమంది తిరిగిన చోట పురుగు లేదు, పిచ్చెత్తినట్టు పరిగెత్తి సైన్యాన్ని అందుకున్నాడు. తిరుగుబాటుదారులు ఖాళీ భవనాల మీద చాలాసేపు గుళ్లు కురిపిస్తూనే ఉన్నారు. హావ్‌లాక్ రెండ్రోజులకే దిల్‌కుషా దగ్గర విరేచనాలతో పోయాడు.

సైనికపరంగా చూస్తే క్యాంప్‌బెల్ చేసిందే తెలివైన పని. వారం తిరక్కుండానే తాంతియా కాన్పూరులో కాపలా ఉన్న ఇంగ్లీషు జనరల్ విండ్‌హమ్‌ని ఓడించాడు, ఇంకొంచెం ఆలస్యమైతే కొంప మునిగేది. కానీ ఫలితం ప్రకారం మాట్లాడితే ఆ నవంబరులో లక్నో గెలిచింది బేగం ప్రభుత్వమే. మార్చి దాకా, ఇంకో నాలుగు నెలలు, ఆమె పేరు మీదే పాలన సాగింది. ఆలంబాగ్‌లో నాలుగు వేలమందితో ఔట్రమ్ కాపలా ఉండటం తప్ప అక్కడ ఇంగ్లీషు జాడ లేదు. 1858 మార్చిలో క్యాంప్‌బెల్ నేపాల్ జంగ్ బహదూర్ గూర్ఖాల్ని కూడా కలుపుకుని ముప్పై వేల సైన్యంతో వచ్చాకే ఊరు పడింది. రాజభవనం కైసర్‌బాగ్ లూటీ రోజుల తరబడి సాగింది. బేగం దొరకలేదు, పోరాడుతూనే నేపాల్ చేరి, 1879లో ఖాట్మండులో కన్నుమూసింది. మౌల్వీని 1858 జూన్‌లో పొవాయాఁ రాజా మనుషులు చంపి తల తీసుకెళ్లి ఇచ్చారు. జై లాల్ సింగ్‌ని 1859లో ఉరితీశారు.

తర్వాత రాబర్ట్ నేపియర్ అనే ఇంజనీరు, రెసిడెన్సీలో సొరంగాల పని చూసినవాడే, లక్నో మ్యాపు ముందేసుకుని, ఫిరంగులు అడ్డం లేకుండా నడిచేలా ఊరి మధ్యలోంచి వెడల్పాటి రోడ్లు గీశాడు. వాటికి అడ్డొచ్చిన మొహల్లాలు, మసీదులు, బజార్లు కూలిపోయాయి. సెప్టెంబరు 25న సందుల్లో పోయినవాళ్లని చూసి నేర్చుకున్న పాఠం అది. భూముల విషయంలో మాత్రం ఇంకో రకంగా నేర్చుకున్నారు. ముందు గవర్నర్ జనరల్ కానింగ్ ఆరుగురు తప్ప అవధ్ తాలూక్‌దార్లందరి భూములూ జప్తు అని ప్రకటించాడు, అది చూసి ఔట్రమే బెంబేలెత్తి, ఇలాగైతే ఎవడూ ఆయుధం దించడు అన్నాడు. ఏడాది తిరిగేసరికి అదే తాలూక్‌దార్లకి సనదులు, అంటే హక్కు పత్రాలు ఇచ్చి ఊళ్లు తిరిగి అప్పజెప్పారు. 1856లో రైతులకి మేలు చేస్తున్నామని చెప్పి ఎవరి దగ్గర లాక్కున్నారో, రెండేళ్ల యుద్ధం తర్వాత వాళ్లకే ఇచ్చారు. జమీందారీ రద్దు చట్టం వచ్చేదాకా, అంటే స్వతంత్రం వచ్చాక కూడా కొన్నేళ్లు, అవధ్ రైతు వాళ్లకే శిస్తు కట్టాడు.